బడిపంతులును గ్రంథస్వామ్యమును

కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి పోవు బస్సు లింగంపేట దాటిన తరువాత, మా ప్రక్క కూర్చున్న ఉపాధ్యాయిని యొకరు తమ సంచిలోనుండి ఒక కాగితపు కట్టను తీసి మా చేతి కిచ్చిరి. మనుష్యుని గుండెలోని నాలుగు గదులను, వానిగుండ రక్తము పోయి వచ్చు మార్గములను చక్కని పటములతో వివరించు నాలుగు పుటలవి. ఒక శాస్త్రగ్రంథమునుండి జిరాక్సు తీసినవి. పదవ తరగతి పిల్లలు నలువది మందికి తలకొక ప్రతి యిచ్చుటకై కామారెడ్డిలో తమ సొంత సొమ్ముతో తీయించిరట.

పంచుటకు ముందు సహోపాధ్యాయు లొకరు, "అమ్మా, పుస్తకపు మొదటి పుటలో నేమి వ్రాసియున్నదో చూచితిరా? అనుమతి లేక ఏ భాగమును ఏ రూపమునను ప్రతి తీయరాదని యున్నది. రేపు నోటీసు వచ్చినచో ఎవరు పూచీ?" అనిరట. ఆ మాటతో కట్ట సంచిలోనే నిలిచిపోయినది. అది నెల దినముల క్రిందటి మాట. పాఠము ముగిసినది. పిల్లలు నల్లబల్లపై సుద్దతో గీసిన బొమ్మతోనే సరిపెట్టుకొనిరి.

"అయ్యా, మీరు పత్రికలవారు గదా, చెప్పుడు. నేను చేయబోయినది దొంగతనమా?" అని ఆమె యడిగిరి. ఆ వెంటనే మరి రెండు సందేహములు వెలిబుచ్చిరి. తరగతిలో ప్రొజెక్టరుపై ఒక చలనచిత్రములోని భాగమును చూపవచ్చునా? సెలవు దినములలో పిల్లల ఇండ్లలోని ఫోనులకు పాఠ్యభాగములను పంపవచ్చునా?

ఎల్లారెడ్డి వచ్చువరకు చెప్పగలిగినంత చెప్పితిమి. మిగిలిన సమాధాన మీ వ్యాసము. ఈ సందేహము ఆమె యొక్కరిది కాదు. ఏ మండలమునకు పోయినను, ఏ పాఠశాలలో అడిగినను, ఇదే భయము వినవచ్చుచున్నది. చట్టము తెలియక తప్పు చేయువారు కొందరు. చట్టము తెలియక మంచి పని మానుకొనువారు అంతకంటె నెక్కువమంది. మొదటివారివలన గ్రంథకర్తకు నష్టము. రెండవవారివలన పిల్లలకు నష్టము. ఈ రెండవ నష్టమును గూర్చి యెవరును ఫిర్యాదు చేయరు గనుక అది లెక్కకు రాదు.

చట్టమేమి చెప్పుచున్నది?

మన దేశమున గ్రంథస్వామ్యమును పాలించునది 1957వ సంవత్సరపు చట్టము. అది 1958 జనవరి 21వ తేది నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టమే గ్రంథకర్తకు స్వామ్యము నిచ్చి, ఆ చట్టమే తన 52వ సెక్షనులో ఏయే పనులు ఆ స్వామ్యమునకు భంగము కావో ఒక పట్టికగా చెప్పినది. ఆ పట్టికలో ఆంగ్లాక్షరము 'ఐ' గుర్తుగా గల ఖండము బడిపంతులను గూర్చినది. బోధనాక్రమములో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ఏ రచననైనను ప్రతి చేయుట, పరీక్షాప్రశ్నలలో దానిని చేర్చుట, ఆ ప్రశ్నల సమాధానములలో దానిని వ్రాయుట - ఈ మూడును స్వామ్యభంగము కావని ఆ ఖండము స్పష్టముగా చెప్పుచున్నది.

పాఠకులు గమనింపవలసినది ఆ ఖండములో లేని మాటలను గూడ. ఇన్ని పుటలకు మించరాదని అందు లేదు. నూటికి పది వంతులకు మించరాదని లేదు. ముందుగా అనుమతి పొందవలెనని లేదు. ప్రభుత్వ పాఠశాలకే వర్తించునని లేదు. "పదిశాతము" అను మాట మన ఉపాధ్యాయుల నోట తరచుగా వినబడుచున్నది. అది అమెరికా దేశమునుండి దిగుమతియైన మాట. 1976లో ఆ దేశము తన గ్రంథస్వామ్య చట్టమును క్రొత్తగా కూర్చుకొన్నపుడు, ప్రకాశకులును విద్యాసంస్థలవారును కలిసి పాఠశాలల కొరకు కొన్ని కొలతలు వ్రాసికొనిరి. గద్యభాగమైనచో వేయి మాటలో, గ్రంథములో పదవవంతో, ఏది తక్కువయైన నది యని వాని యందొక కొలత. అవి అక్కడ సైతము చట్టము కావు, ఒడంబడిక మాత్రమే. అక్కడి చట్టము "న్యాయమైన వాడుక" అను సూత్రమును పెట్టి, వాడుక యొక్క ప్రయోజనము, రచన స్వభావము, తీసికొన్న భాగపు పరిమాణము, రచన విక్రయముపై దాని ఫలితము అను నాలుగు విషయములను న్యాయాధిపతి తూచి చూడవలె ననుచున్నది. మన చట్టము మార్గము వేరు. అది బడిపంతులకు ప్రత్యేకముగా పేరుపెట్టి ద్వారము తెరచినది. ఆ ద్వారము మూయబడియున్నదనుకొని బయట నిలిచియుండుట మన అజ్ఞానమే గాని చట్టముయొక్క దోషము కాదు.

ఇక పుస్తకపు మొదటి పుటలోని హెచ్చరిక. అది గ్రంథమును దొంగతనముగా అచ్చువేసి యమ్ముకొనువారి కొరకు న్యాయమైన హెచ్చరికయే. కాని ముద్రాపకుడు తన పుటలో వ్రాసికొన్న వాక్యము పార్లమెంటు చేసిన శాసనమును రద్దు చేయజాలదు. పొలము నక్షలో ఊరివారి బండ్లబాట గుర్తింపబడియుండగా, పట్టాదారు దారికి అడ్డముగా "ఎవరును రారాదు" అని పలక నాటినంత మాత్రమున బాట పోదు. పట్టా నిజమే. పంట ఆయనదే. గట్టు దాటి పైరు కోసికొన్నవాడు శిక్షార్హుడే. అయినను ఆ బాటపై బండి తోలుకొని పోవువాడు దొంగ కాడు. 52వ సెక్షను అట్టి బండ్లబాట. అది పట్టాదారు దయ కాదు, నక్షలోనే యున్నది.

స్వామ్య మెచ్చటినుండి వచ్చినది?

తాటాకుల కాలమున మన దేశములో ఈ ప్రశ్న పుట్టలేదు. పోతన తన భాగవతమును రాజున కంకిత మొసగ నిరాకరించెనని చెప్పుకొందుము గాని, దానికి ప్రతి వ్రాసికొన్నవారిని ఆయన నిరోధించెనని ఎన్నడును వినలేదు. ప్రతి వ్రాయుట నాడు పుణ్యకార్యము. ముద్రణాయంత్రము వచ్చిన తరువాతనే ప్రతి తీయుట వర్తకమైనది. వర్తకము కాగానే రక్షణ యవసరమైనది. ఇంగ్లాండులో 1710వ సంవత్సరమున వచ్చిన మొదటి గ్రంథస్వామ్య శాసనము విద్యాభివృద్ధిని ప్రోత్సహించుటకై చేయబడిన దని తన శీర్షికలోనే చెప్పుకొన్నది. అనగా స్వామ్యము సాధనము, విద్య సాధ్యము. మన దేశమున 1847లో కంపెనీవారి కాలపు చట్టమును, 1914లో ఆంగ్లేయుల 1911 శాసనము ననుసరించిన చట్టమును వచ్చినవి. స్వతంత్రులమైన తరువాత 1957లో మన చట్టము మనము చేసికొంటిమి. ఈ చట్టము చెప్పినంత మేరకే గాని దాని వెలుపల గ్రంథస్వామ్య మనునది వేరొకటి లేదని దాని 16వ సెక్షను చెప్పుచున్నది.

అన్యాయముగా పరుల శ్రమను దోచుకొనుటను న్యాయస్థానము లేనాడును సహింపలేదు. 1923లో ప్రీవీకౌన్సిలు తీర్పు చెప్పిన ఒక వ్యాజ్యెము ఇందుకు నిదర్శనము. బొంబాయి విశ్వవిద్యాలయపు విద్యార్థుల కొరకు, ప్లూటార్కు వ్రాసిన అలెగ్జాండరు చరిత్రకు నార్తు చేసిన పాత ఆంగ్లానువాదమును కుదించి, టిప్పణములతో మాక్మిలన్ కంపెనీ అచ్చువేసినది; దానిని చూచి మరియొక ప్రకాశకుడు తానును వేసెను. శతాబ్దముల నాటి మూలమునుండి వాక్యములను కత్తిరించి కూర్చినంత మాత్రమున కంపెనీకి ఆ పాఠముపై స్వామ్యము కలుగదనియు, టిప్పణములు మాత్రము శ్రమతో, పాండిత్యముతో వ్రాసినవి గనుక వానిని కాపీ చేయరాదనియు తేల్చిరి. పరీక్షల గైడులు అచ్చువేయు మన వ్యాపారులు నేటికిని మరువరాని తీర్పిది.

నైజాము నాటి ముచ్చట

నేటి కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11వ తేదిన ఏర్పడినది. అంతకు ముందు ఈ ప్రాంతమంతయు నిజామాబాదు జిల్లాలోనిది, 1948 వరకు నైజాము రాజ్యములోనిది. ఆ రాజ్యమున ఉన్నత విద్య చాల వరకు ఉర్దూలో జరిగెడిది. ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు 1917లో స్థాపించిన అనువాదశాల యూరపు ఖండపు శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. ఆ పుస్తకముల ముఖపత్రములు చూచినవారికి తెలియును: ప్రకాశన స్వామ్యము గల ఫలాని లండను కంపెనీవారి అనుమతితో అనువదించి ముద్రింపబడినదని వానిలో పెక్కింటిపై అచ్చువేసియుండును. ప్రపంచములోని మహాధనవంతులలో నొకడని పేరుగాంచిన ప్రభువు సైతము, తన విద్యార్థులకు గణితము చెప్పించుటకు లండను వర్తకుని అనుమతిపత్రము కొరకు వేచియుండవలసి వచ్చినది.

ఆ రాజ్యములోని తెలుగు పిల్లవానికి ఆ యనువాదములును దక్కలేదు. మాతృభాషలో విద్య కావలెనని ఆంధ్రమహాసభలు తీర్మానములు చేసినవి. 1937లో నిజామాబాదు పట్టణములోనే ఆ సభ జరిగినది. నేడు తెలుగులో చదువు మన చేతిలో నున్నది. కాని తెలుగులో చదువుటకు తగిన పటములు, చిత్రములు, ప్రయోగముల వివరణములు మాత్రము నేటికిని కొరతయే. పట్నములోని పెద్ద పాఠశాల కొరతను డబ్బుతో తీర్చుకొనును. ఎల్లారెడ్డి పంతులమ్మ జిరాక్సుతో తీర్చుకొనవలెను. అందువలననే ఈ 52వ సెక్షను ఆమెకు ప్రాణప్రదము.

అదే నిజామాబాదు కోటలోని కారాగారమున నైజాము పాలన తుదినాళ్లలో దాశరథి కృష్ణమాచార్యులు బందీగా నుండి, కాగితము లేక గోడపై బొగ్గుతో పద్యము వ్రాసిన సంగతి ఆబాలగోపాలము నెరుగును. ఆయన 1987లో స్వర్గస్థులైరి. రచయిత మరణించిన మరుసటి సంవత్సరము మొదలుకొని అరువది యేండ్లు స్వామ్య ముండునని చట్టము. కావున ఆ గోడమీది పద్యముపై 2047వ సంవత్సరాంతము వరకు స్వామ్యము కలదు. అయినను కామారెడ్డి పంతులు రేపు ఉదయము ఆ పద్యమును నల్లబల్లపై వ్రాసి, పిల్లలచేత వ్రాయించి, పరీక్షలో అడుగుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. బొగ్గుతో గోడమీద వ్రాయుటకు కవి కెవ్వరును సెలవీయలేదు. సుద్దతో బల్లమీద వ్రాయుటకు పంతులునకు చట్టమే సెలవిచ్చినది.

ఢిల్లీలోని వ్యాజ్యెము

నల్లబల్ల సరే, యంత్రముతో ప్రతులు తీయవచ్చునా యని సందేహింతురు. ఈ ప్రశ్నయే ఢిల్లీ హైకోర్టు ముందునకు వచ్చినది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర విద్యాలయ ప్రాంగణములో రామేశ్వరీ ఫొటోకాపీ అను చిన్న దుకాణ ముండెను. అధ్యాపకులు సూచించిన గ్రంథములనుండి ఆయా అధ్యాయములను ప్రతులు తీసి, కట్టలుగా కుట్టి విద్యార్థులకు తక్కువ వెలకు ఇచ్చెడిది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయములును, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థయు 2012లో ఆ దుకాణముపైనను విశ్వవిద్యాలయముపైనను దావా వేసిరి. ఏ పండితుల లాభము కొరకు ఈ దావా యని చెప్పబడెనో, ఆ గ్రంథములను వ్రాసిన పండితులలోనే పలువురు విద్యార్థుల పక్షమున సంతకములు చేయుట అందరి దృష్టి నాకర్షించినది.

2016 సెప్టెంబరు 16వ తేదిన న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టివేసిరి. చేతితో వ్రాసికొనిన తప్పు కానిది యంత్రముతో తీసినంతనే తప్పు కాజాలదని ఆయన తర్కము. అదే సంవత్సరము డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము అప్పీలులో ఈ ఖండమునకు మరింత విపులమైన వ్యాఖ్యానము చేసినది. బోధనాక్రమ మనగా గంట మ్రోగినది మొదలు మరల మ్రోగు వరకు మాత్రమే కాదు. పాఠమును సిద్ధము చేసికొనుట మొదలు విద్యాసంవత్సరాంతము వరకు అందులోనిదే. ఇన్ని పుటలు, ఇంత శాత మను కొలత లేదు. బోధనాప్రయోజనమునకు ఎంత యవసరమో అంతయే కొలత. ఆ కట్టలలోని భాగములు నిజముగా బోధనకు అవసరమా కాదా యని మాత్రము విచారింపవలె నని క్రింది న్యాయస్థానమునకు పంపిరి. ఆ విచారణ జరుగక ముందే, 2017 మార్చిలో, ప్రకాశకులు దావాను ఉపసంహరించుకొనిరి. ప్రతులు తీయుటకు రుసుము వసూలు చేయు సంఘమువారు సుప్రీంకోర్టునకు పోగా, అదే యేడు మే నెలలో వారి వినతి తిరస్కృతమైనది.

ఒక ముచ్చట దాచరాదు. ఢిల్లీ హైకోర్టు తీర్పు తెలంగాణ హైకోర్టును కట్టివేయునది కాదు. గౌరవముతో పరిశీలింపదగినది మాత్రమే. అయినను దేశమున ఈ విషయముపై ఇంత లోతుగా చేసిన విచారణ ఇదియే. నాలుగు పుటల గుండెపటము ఈ కొలతలో సులభముగా నిలుచును. పుస్తక మంతటిని, మొదటి యట్టనుండి చివరి యట్టవరకు, నలువది ప్రతులు తీసి పుస్తకము కొనుట మానిపించుట ఈ కొలతలో నిలుచునని మేము చెప్పజాలము.

చలనచిత్రమును, ఫోనును

ఇక రెండవ ప్రశ్న. అదే 52వ సెక్షనులోని మరియొక ఖండము ప్రకారము, విద్యాసంస్థ కార్యక్రమములలో భాగముగా అధ్యాపకులును విద్యార్థులును నాటకము లాడవచ్చును, పాటలు పాడవచ్చును. చలనచిత్రమునో, ధ్వనిముద్రికనో ప్రదర్శింపవచ్చును. నియమ మొక్కటే: చలనచిత్ర ప్రేక్షకులు ఆ సంస్థలోని అధ్యాపకులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ కార్యములతో సంబంధము గలవారు మాత్రమే యై యుండవలెను. కావున పదవ తరగతి గదిలో ఒక చిత్రభాగమును చూపుట నేరము కాదు. పాఠశాల వార్షికోత్సవమున పిల్లలు సినిమాపాటకు నృత్యము చేయుటయు నేరము కాదు. టిక్కెట్లు పెట్టి ఊరివారిని పిలిచి సినిమా చూపుట వేరు విషయము. ఇచ్చట ఒక్క జాగ్రత్త. నెలకింత యని చందా కట్టించుకొని ఇంటికి చిత్రములు చూపు సంస్థలు, ఇంటివాడుకకే యని చందాదారునితో ఒప్పందము వ్రాయించుకొనును. చట్టము వేరు, ఒప్పందము వేరు. సంతకము పెట్టినవారు చదివి పెట్టవలెను.

మూడవ ప్రశ్న కష్టతరమైనది. 1957 నాటి శాసనకర్తలు ఫోనులో పాఠమును ఊహింపలేదు. మహమ్మారి కాలమున, 2020 సెప్టెంబరు 1వ తేది నుండి, ఈ రాష్ట్రపు పిల్లలు దూరదర్శన్ యాదగిరిలోను, టి-శాట్ ప్రసారములలోను పాఠములు వినిరి. గుట్టలమీది కెక్కి ఫోనునకు సంకేతము వెదకికొన్న పిల్లల సంగతి మనము మరువలేదు. నాడు బడి యనగా నాలుగు గోడలని యెవరనగలిగిరి? తన తరగతి పిల్లలు మాత్రమే యున్న వాట్సాప్ గుంపులో, ఆ వారపు పాఠమునకు కావలసిన పుటలను పంతులు పంపుట బోధనాక్రమములోని పనియే యని ఢిల్లీ ధర్మాసనపు వ్యాఖ్యానమునుబట్టి గట్టిగా వాదింపవచ్చును. అదే పుటలను, అదే చిత్రమును యూట్యూబులో లోకమంతటికి పెట్టుట బోధన కాదు, ప్రకటన. తరగతికి ఇచ్చిన రక్షణ అక్కడికి రాదు. తలుపు వేసిన గదికిని నడివీధికిని గల భేదము ఫోనులోను ఉన్నది.

2021 జులైలో పార్లమెంటు వాణిజ్య స్థాయీసంఘము మేధాసంపద చట్టములపై నివేదిక సమర్పించుచు, ఈ 52వ సెక్షనును ప్రకాశకుల హక్కులకును విద్యార్థుల యవసరములకును తులతూగునట్లు సవరింపవలెనని సూచించినది. ప్రభుత్వ విద్యాసంస్థలకు సౌకర్యము కల్పించి, వ్యాపారముగా జరుగు హద్దులేని కాపీని అరికట్టవలెనని దాని యాశయము. ఆశయము మంచిదే. కాని సవరణమను పేర నేడున్న బాట ఇరుకు కాకుండ చూచుకొనుట ప్రజల పని. స్వామ్యకాలము పెంచుట శాసనకర్తలకు కష్టము కాదు. 1941లో దివంగతులైన రవీంద్రనాథుని గ్రంథములపై స్వామ్యము ముగియబోవు సమయమున ఏబది యేండ్ల కాలమును అరువది చేసిన దేశము మనది. గట్టు ఒకసారి జరిపిన తరువాత మరల వెనుకకు జరుగదని పొలమున్న ప్రతివాడు నెరుగును.

గ్రంథకర్త సంగతి యేమి?

ఇంతవరకు పంతులు పక్షమున వ్రాసితిమి. గ్రంథకర్త పక్షము వదలుట ధర్మము కాదు. తెలుగు రచయితలలో కలముతోనే కడుపు నింపుకొన్నవారు చాల స్వల్పము. అట్టి వాని పుస్తకమును దొంగ అచ్చువేసి అమ్ముట, పంచుకొనుట యను పేర పుస్తకము మొత్తమును ఫోనులనుండి ఫోనులకు తరలించుట, ట్యూషను కేంద్రము వారు పంతుల నోట్సును తమ పేర ముద్రించి వెలకట్టుట - ఇవి బోధన కావు, బోధన మాటున జరుగు దోపిడి. తెలిసి చేసినవారికి ఆరు మాసములనుండి మూడు సంవత్సరముల వరకు ఖైదును, ఏబది వేల రూపాయలనుండి రెండు లక్షల వరకు జుల్మానాయు చట్టము విధించుచున్నది. పంతులు కూడ రచయితయే యని మరువరాదు. తాను కూర్చిన పాఠమును మరియొకడు అమ్ముకొనిననాడు ఆయనకు కలుగు బాధయే గ్రంథకర్త బాధ.

ఇందుకొరకు పంతులు పాటింపవలసిన నియమములు కష్టమైనవి కావు. ఎంత యవసరమో అంతే తీయవలెను. ప్రతి పుటపై గ్రంథకర్త పేరును గ్రంథము పేరును వ్రాయవలెను. తన రచన తనదని చెప్పబడు హక్కు రచయితకు 57వ సెక్షను ఇచ్చినది, అది డబ్బుతో సంబంధము లేని హక్కు. కాగితపు ఖర్చు తప్ప పిల్లలనుండి పైకము పుచ్చుకొనరాదు. సాధ్యమైనచో ఆ పుస్తకపు ప్రతి యొక్కటైనను బడి గ్రంథాలయమున కొని పెట్టవలెను.

ఈ విషయమున గాంధీమహాత్ముని చరిత్ర ఆలోచింపదగినది. 1910లో హింద్‌స్వరాజ్ ఆంగ్ల ప్రతిని అచ్చువేసినపుడు, హక్కు లేవియు ప్రత్యేకింపబడలేదని దాని ముఖపత్రముననే వేయించెను. తరువాత తన రచనలను వక్రముగా వాడుకొను వారిని చూచి స్వామ్యము నంగీకరించి, దానిని నవజీవన్ సంస్థ కప్పగించెను. 2008 అంతమున ఆ స్వామ్యము ముగిసినపుడు దానిని పొడిగింపుమని ఆ సంస్థ ప్రభుత్వమును కోరలేదు. స్వామ్యమును కాపలాకు వాడుకొని, కాలము రాగానే తలుపు తెరచిన ఉదాహరణ మిది.

పాఠకులకు మనవి

ఈ పత్రిక చదువువారిలో భూములు గలవారు, పట్టణములలో వృత్తులు చేయువారు ననేకులున్నారు. వారి యిండ్లలో తాతతండ్రుల నాటి పుస్తకముల పెట్టె లుండును. కొందరి పూర్వులు స్వయముగా గ్రంథకర్తలు. ఆ స్వామ్యము వారసులకు సంక్రమించియుండును. అట్టివారు 21వ సెక్షను ననుసరించి స్వామ్యమును పూర్తిగా వదలుకొనవచ్చును. వదలుకొన మనసొప్పనిచో పాఠశాలలకు మాత్రము అనుమతిపత్రము వ్రాసియీయవచ్చును. గురజాడ 1915లోను, సురవరము ప్రతాపరెడ్డి 1953లోను దివంగతులైనందున వారి రచనలు ఇప్పటికే ప్రజలందరి సొత్తు. వానిని శుద్ధప్రతులుగా సిద్ధము చేసి జిల్లాలోని ప్రతి బడికి చేర్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. పూనిక మాత్రమే కావలెను. విపణిలో దొరకని పుస్తకమును తన వాడుక కొరకు మూడు ప్రతుల వరకు తీసికొనుటకు లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయమునకు చట్టమున అవకాశము కలదు. ఎల్లారెడ్డి, కామారెడ్డి గ్రంథాలయములవారు ఈ యవకాశమును వాడుకొందురు గాక.

మరియొక ద్వారము చాలమందికి తెలియనే తెలియదు. విదేశీయ గ్రంథమును బోధన కొరకో పరిశోధన కొరకో మన భాషలోనికి అనువదింప గోరువారు, స్వామ్యదారు అనుమతి లభింపనపుడు, న్యాయమైన ప్రతిఫలము చెల్లించు పద్ధతిపై లైసెన్సు కొరకు దరఖాస్తు చేసికొనవచ్చునని 32వ సెక్షను చెప్పుచున్నది. గ్రంథము వెలువడిన మూడేండ్లకు గాని ఈ దరఖాస్తు కుదరదు. కాని ధనిక దేశములలో దేనియందును సామాన్యముగా వాడుకలో లేని భాషకైనచో ఒక్క యేడు చాలును. అనగా తెలుగువంటి భాషల కొరకే వ్రాసిన సౌకర్య మిది. 1971లో పారిస్ నగరమున జరిగిన సమావేశమున వెనుకబడిన దేశములు పట్టుబట్టి సాధించుకొన్న హక్కు. లండను కంపెనీ యనుమతికై ఉస్మానియా అనువాదశాల నాడు వేచియుండగా, నేడు మన చేతికి చట్టమే సాధన మిచ్చియుండ, మనము దానిని త్రుప్పు పట్టనిచ్చుచున్నాము. విశ్వవిద్యాలయములును, తెలుగు అకాడమీయు ఈ పనికి పూనుకొనవలెను.

విద్యాశాఖవారు చేయవలసినది ఇంకను స్వల్పము. 52వ సెక్షనులో బడికి సంబంధించిన ఖండములను తేట తెలుగులో ఒక్క పుటపై అచ్చువేయించి, ప్రతి ఉపాధ్యాయుల గదిలో గోడకు అంటింపవలెను. అప్పుడు నోటీసు వచ్చునని బెదరించు సహోపాధ్యాయునకు సమాధానము గోడయే చెప్పును.

ఎల్లారెడ్డిలో బస్సు దిగునపుడు ఆ ఉపాధ్యాయిని, "గుండెపాఠము అయిపోయినది గదా, ఇప్పుడీ కట్ట యేమి చేయను?" అనిరి. పరీక్షలకు ముందు పాఠములన్నియు మరల చదివించెదరు గదా యంటిమి. ఆమె నవ్వి, కట్టను సంచిలో పెట్టుకొని బడివైపు నడచిరి. సోమవారము నాడు ఆ నలువది మందికి ఆ పుటలు అందియుండునని మా నమ్మకము.